నిక్కచెవులదా, చుక్కలదా?

హలో… ఆ, నేనే వదినే, స్వరాజ్యాన్నే… ఇంకెవరు మాట్లాడుతరు నీ తోని ఇంత గట్టిగ?

— ఏం లేదు, బట్టలు ఆరేస్తున్న. "పట్నం నుంచి బాలమణక్క ఫోను" అని నజీర్ భాయ్ బజారంత ఇనవడెటట్టు ఒర్రిండు. ఉరికొచ్చిన. ముందటర్ర ఆయనకు కిరాయికిచ్చినందుకు గిదొక్కటి సుఖం, ఎస్టీడీ బూత్ మనింట్లనే ఉన్నట్టు.

— ఆఁ, మీ తమ్ముడు చేరిండా?… తిన్నడా?… సైకిల్ సామాను దొరికిందా? మంచిది. షాపు సంగతి తర్వాత గని, కుక్కను చూసిండా? అసలు ముచ్చట చెప్పు.

… రెండా! రెండేంది? మొన్న ఒక్కటన్నవ్ గద.

ఆఁ… ఆఁ… మీ పనింటి దొర్సానికి ఢిల్లీకి బదిలీ… రెండింటిని తోల్కపోలేరు… అయ్యో, పాపం… ఒకటి మనకు, ఒకటి డ్రైవర్‌కు. ముందు మనం ఏది కోరుకుంటే అది మనది… ఇప్పుడే చెప్పాల్నా? డ్రైవర్ గేటు కాడ నిలవడ్డడా? నిలవడనీ. చాయ్ పొయ్యి ఆయనకు. తీపి ఎక్కువేసి పొయ్యి, మెల్లగ తాగుతడు.

ఒక్క నిమిషం ఆగు వదినే, తలుపు పెడ్త. ఈ అద్దాల తలుపు తీసి ఉంటే గుసగుస పెట్టినా అరుగు మీదికి ఇనవడ్తది… ఆ, పెట్టిన. ఇగ చెప్త. గాబర కావద్దు.

మా అత్తమ్మ ముల్లె కట్టింది.

… కోహెడకు. ఇంకేడికి పోతది? మీ మేనమామ రాజమల్లయ్య ఇంటికి. అరుగు మీద కూసున్నది, ముల్లె ఒళ్ళె పెట్టుకొని. పగటి కోహెడ బస్సు మన మూల మీదికెళ్ళే పోతది గద, చెయ్యెత్తితే ఆపుతడు… చుట్టపు చూపుగ కాదు వదినే. ఉండెటందుకే పోతుంది. చలికాలపు గొంగడి గూడ ముల్లెల పెట్టింది.

— నేనేమన్లే! నేనేమన్న అంటే ఆమె పోదు. అన్ననాడు ఎన్నడన్న పోయిందా? నిన్న పుంటికూర పప్పుల పులుపు ఎక్కువైందని మూడిండ్ల అవతలిదాంక ఇనవడ్డది మా లొల్లి. గా లొల్లికి పోలే. కొట్లాడి కొట్లాడి ఆకలైందని నా పళ్ళెంల పప్పు గూడ ఆమెనే తిన్నది.

ఇయ్యాల ఏ లొల్లి లేదు. గందుకే నాకు భయమైతుంది.

— చెప్పింది. పొద్దుగాల పొయ్యి కాడ కూసోని నిమ్మళంగ చెప్పింది. "స్వరాజ్యం, ఈ సిద్దిపేటల నా చేతికి పని లేదే. ఎనక గొర్ల మంద లేదు, ముందట తొవ్వ లేదు. ఉత్తగ కూసోని తింటుంటే నా కాళ్ళు నన్నే తిడ్తున్నయి. మా తమ్ముని కాడ ఇంకా మంద ఉన్నది, ఆడికే పోత" అన్నది. తిట్టలే. ఏడ్వలే. ఏమనాలె నేను?

… నాకా? నాకేం సంబురం! నువ్వు గూడ గట్లనే అంటున్నవా వదినే? బజారోళ్ళందరు గదే అనుకుంటరు. అత్తా కోడలు పొద్దున లేస్తే తన్నుకుంటరు, ముసల్ది పోతే కోడలు మొక్కు తీర్చుకుంటదని. మొన్న ఆమె చుట్టాల లగ్గానికి అక్కన్నపేట పోయి నాలుగు దినాలున్నది చూడు, నేనేం చేసిన్నో ఎరుకనా? ఇద్దరికి వండుడు, ఒక్కదాన్ని తినుడు. ఆఖరికి కోడిపెట్టను తిట్టిన. "మూతి అట్ల పెడ్తవేందే, నా వంట నచ్చలేదా" అని కోడిపెట్టను తిట్టిన… నవ్వకు! పక్కింటి కుల్సుం గోడ మీదికెళ్ళి చూసి నాకు దిష్టి తీయాలెనన్నది.

నవ్వినంక ఇను. నాకు పచ్చకామెర్లైతే ఆమె కోహెడ నుంచి వచ్చింది. వారం ఉండి పోతనన్నది. నేను లేవలేక పోతే, ఆడ తమ్ముడొక్కడు రెండు మందలు కాయలేడని తన మందనే అమ్మేసింది. నీకు చెప్పలే, నాకు చెప్పలే. మీ తమ్మునికి గూడ అమ్మినంకనే తెలిసింది. మా అమ్మ మొఖం నాకు యాదికి లేదు వదినే. నన్ను ఇది తిను, ఇది తినకు అని కసిరినోళ్ళు మీ అవ్వొక్కతే. ఆమె పోతే నేనుండలేను. గంతే.

— ఉండుమని అడిగిన. "నువ్వడిగితే ఉంటాననే?" అన్నది. సరె, పొమ్మని చూసిన. "పోతనే ఉన్న గద" అన్నది. రెండు తొవ్వలు బందైనయి.

— గందుకే కుక్క. నీకు మొన్న ఇల్లు కావలికి కుక్క కావాలని చెప్పిన గని, కావలి గిట్ల ఏం లేదు. మనింట్ల దొంగలు ఏం ఎత్తుకపోతరు, నజీర్ భాయ్ ఫోనా? మనిషి మాట ఇనదు గని, మీ అవ్వ జీవాన్ని ఇడిసిపెట్టి పోదు. పోయిన నెల ఏం చేసిందో చెప్పలేదా నీకు? బాబా మియా మేకలు బజార్ల తిరుగుతుంటే చేతులు ఊకోలే. ఓ పుల్ల అందుకున్నది, ఒక్క కేక పెట్టింది. అన్నింటిని తోల్కచ్చి మన పెరట్ల పెట్టి తడక మూసింది. బాబా మియా పొద్దుమూకెదాంక చెరువుకట్ట మీద ఎతికిండు. ఆఖరికి ఈడికొస్తే, సలాం గిలాం ఏం లేదు, "గిట్టలు కుళ్ళుతున్నయి, చూస్తలేవా? నువ్వేం మనిషివి?" అని ఆయన్నే ఎడాపెడా వాయించింది. ఆయన మేకలను తోల్కపోతుంటే చూడాలె వదినే ఆమె మొఖం. పిల్లను అత్తగారింటికి పంపినట్టు గడపల నిలవడ్డది.

— ఆ, గట్లన్నవ్, బాగుంది. ఇగ చెప్పు, ఏది ఎట్లుంటది? మీ దొర్సాని ఏం చెప్పిందో గది చెప్పు.

… తెల్లగ, ఒళ్ళంత నల్ల చుక్కలు… పేరేంది? డాల్మేషన్… నాకు నోరు తిరగదు, చుక్కలదే అంట… అబ్బో, ఎంత దూరమైన ఉరుకుతదా? ఎనకట దొరల గుర్రపు బగ్గీల పక్కపొంటి ఉరికేదా? మనకు గుర్రం యాడిది, మీ తమ్ముని సైకిలున్నది. సైకిల్ ఆగుతది గని ఇది ఆగదేమో… రోజు ఉరికియ్యకపోతే పరుపు చింపుతదా? మనింట్ల పరుపు లేదు, గా బాధ లేదు.

రెండోది చెప్పు… అల్సేషన్… పోలీసోళ్ళ కాడ ఉంటది గద, నిక్కచెవులది… అది గూడ ఒక్క తాన నిలవడదా? ఏం కుక్కలు పెట్టుకున్నరు వదినే మీ దొర్సానోళ్ళు, ఒకటన్న పండుకునేది లేదా?… ఎంట్రుకలు రాలుస్తదా? రాల్చనీ, మీ అవ్వ వడికి గొంగడి నేపిస్తది. "సిట్" అంటే కూసుంటదా? ఈడికొస్తే రెండు దినాలల్ల ఇంగ్లీషు మరుస్తది, తిట్లు నేర్సుకుంటది.

… ఏంది? పిల్లలు ఆడుకుంటుంటే చుట్టు తిరిగి అందరినీ ఒక్క మూలకు తోలుతదా? ఎందుకు?

మల్ల చెప్పు… వాళ్ళ దేశంల గొర్లు కాసుడే దాని పనా? గొర్ల కుక్కనా అది!

— ఆఁ, ఇన్న. మీ తమ్ముడేమంటుండు?… చుక్కలదే కావాల్నటనా? ఎందుకట?… షాపు ముందట కట్టేస్తే నలుగురు ఆగి చూస్తరట. ఆయనకు కుక్క కావాల్నా, బోర్డు కావాల్నా?

నువ్వు గూడ చుక్కలదే అంటున్నవా… అవును, అది నిజమే. మందల మచ్చల పిల్ల పుడితే దానికి సొంతంగ గంట కట్టేది. చుక్కలంటే ఆమెకు పాణం. సరె, చుక్కలదే చూద్దాం. గని ఉత్తగ "అత్తమ్మా, కుక్కొస్తుంది, ఉండు" అంటే ఉండదు. కుక్క వద్దని నేను ఒర్రాలె, అప్పుడు కావాలని ఆమె ఒర్రుతది. ఇగో, తలుపు తీస్తున్న. నిన్ను ఏమన్నా మనసుల పెట్టుకోకు. ఆఁ?

— వద్దంటే వద్దొదినే! నా ఇంట్ల కుక్క అడుగు పెట్టొద్దు! మీ దొర్సానికి అక్కర్లేనిది మాకంటగడ్తవా? మాకు వేరే పని లేదా? తమ్మునింటికి పంపెటందుకు నీకు చీరె దొరకలే, సారె దొరకలే, కుక్క దొరికిందా?… ఉత్తదే వదినే, ఉత్తదే, నువ్వు నిజమనుకోకు… కుక్క లేదని మాకు బువ్వ అరుగుతలేదా!

తల తిప్పింది… ఇటే చూస్తుంది… నజీర్ భాయ్, నువ్వు నవ్వకు, నీ నవ్వుకే దొరికిపోతం.

— ఏందత్తమ్మా?… నీ బిడ్డనే. కుక్కను పంపుతదట. నేను వద్దంటున్న… ఏం కుక్కనో నాకేమెరుక? తెల్లగుంటదట, ఒళ్ళంత నల్ల చుక్కలట. చూస్తేనే కండ్లు తిరుగుతయి. నేను సాదను పో… నా మొఖమా? నా మొఖానికేమైంది!

— హలో… వదినే, తలుపు పెట్టిన. గాలంల పడ్డది! "నీ మొఖానికి అసొంటి కుక్కను చూసే రాతనన్న ఉన్నదానే" అన్నది. నోరులేని జీవాన్ని గడప కాడికెళ్ళి ఎల్లగొడితే ఇంటికి మంచిది కాదట. తెమ్మంటుంది. చుక్కలదే తెమ్మను. మీ తమ్మునికి చెప్పు, తాడు పట్టుకొమ్మను… ఆగు. ఆగు వదినే. ఏందో అంటుంది. తీస్తున్న.

— ఆఁ, అత్తమ్మా?… ఆఁ… ఆఁ…

… వదినే. పని చెడ్డది.

"మంచి కుక్కనే, పదిమంది ముద్దు చేస్తరు. నీకు తోడుంటది. ఇగ నాకు ఫికర్ లేదు, నిమ్మళంగ పోవచ్చు" అంటుంది. ముల్లె ఇంకింత బిగ్గట్టింది.

— నన్ను తిడితే ఏమొస్తది? నువ్వే గద చుక్కలదన్నవ్… సరె, నేను గూడ అన్న. ఇద్దరం తెలివితక్కువోళ్ళమే.

ఆలోచించు జర. నాకు కామెర్లైతే వచ్చింది. నేను మంచిగైన, పోతనంటుంది. ఇల్లు నిమ్మళంగుంటే ఆమె పోతది వదినే, ఆగమాగం ఉంటే ఉంటది. నాకు కావాల్సింది ముద్దొచ్చే కుక్క కాదు. ఫికర్ పుట్టిచ్చే కుక్క.

నిక్కచెవులది ఎట్లుంటదో మల్లొకసారి చెప్పు. చూసెటందుకు ఎట్లుంటది?

… తోడేలా? నిజంగనా? మూతి, ఎన్ను, తోక, అంత గదేనా?… మస్తు మంచిది!

— ఎరుకే, ఎందుకెరుక లేదు. మీ అవ్వకు తోడేలంటే ఎంత పగనో నాకు రోజు పండేటప్పుడు చెప్తది. ఆమె ఏ కత మొదలుపెట్టినా ఆఖరుకు తోడేలొస్తది, ఈమె చేతిల దెబ్బలు తింటది. గందుకే అంటున్న. గసొంటిదాన్ని, నా అసొంటి మొద్దునిద్ర మనిషిని, గన్ని కోళ్ళను ఒక్క ఇంట్ల ఇడిసిపెట్టి ఆమె పోతదా? బస్సెక్కినా కాళ్ళు ఊకుంటయా?… భయపడితె పడనీ వదినే. భయపడాల్సిందే. రెండో దినం దాని చెవులు పట్టుకొని గుంజుతది, నువ్వే చూస్తవ్.

తీస్తున్న తలుపు.

— ఏమన్నవ్ వదినే? రెండోది గూడ ఉన్నదా? గట్ల చెప్పవేంది ముందే! నాకు గదే కావాలె. చుక్కలది ఎవరికి కావాలె, తెల్లటి చీరెకు సిరా పడ్డట్టు! నిక్కచెవులదే పంపు… ఆఁ, పొడుగు మూతి… బూడిద రంగు ఎన్ను… చీకట్ల కండ్లు మెరుస్తయా? అబ్బ, ఎంత బాగుంటది!

… లేచింది. వదినే, లేచింది! ముల్లె కింద పెట్టింది.

— ఏందత్తమ్మా?… తోడేలెట్లైతది, కుక్కనే. నీ బిడ్డ చెప్తుంది గద… నీ బిడ్డకు ఎరుకలేదా? పోనీ తీ, నాకు నచ్చింది… యాడ కట్టేస్తవంటే? కోళ్ళ గంప పక్కకు కట్టేస్త. జాగ గాడనే ఉన్నది… ఎవరు కాస్తరంటే? నేనే కాస్త. మధ్యాన్నం మంచమేసుకొని గాడనే పండుకొని కాస్త. నా నిద్ర సంగతి నీకెందుకు? నువ్వు కోహెడ పోతున్నవ్ గద, కోహెడ సంగతి చూస్కో!

… ఏమన్నవ్?

— హలో… పెట్టిన తలుపు. ఇది ఇంకో తీరుగైంది వదినే. "గా తోడేలు ఇంట్లకొస్తే నేను మల్ల ఈ గడప తొక్క" అంటుంది. ముల్లె మల్ల చేతిలకు తీసుకున్నది. నిలవడే ఉన్నది, ఇగ కూసుంటలేదు.

… నాకు తెల్వదు… నాకేం తెల్వదు వదినే. చుక్కలదంటే నిమ్మళంగ పోతది, నిక్కచెవులదంటే కోపంగ పోతది. ఎట్లన్నా పోతది.

— మీ తమ్మునికి ఇయ్యకు ఫోను. ఆయన అవ్వా అని ఏడుస్తడు, అది చూస్తే ఈమెకు ఇంకా రోషమొస్తది. డ్రైవర్ చాయ్ అయిపోయిందా? ఇంకోటి పొయ్యి! నేను ఈడ చస్తుంటే ఆయన చాయ్ గురించి చెప్తవేంది?

నజీర్ భాయ్, బస్సుకు ఎంతుంది?… వచ్చే యాళ్ళయిందట.

… ఆగు. వదినే, ఒక్కటడుగుత, ఆగు. కొమరెల్లి మల్లన్న ఎంట కుక్క ఉంటదంటరు గద… ఆ, గందుకే మనింట్ల కొత్త కుక్కొస్తే గడపల నిలవెట్టి బండారి పెడ్తరు, దేవుని పసుపు… ఎవరు పెడ్తరు? ఇంటికి పెద్దనే గద, మీ అవ్వనే గద? మరి పెట్టినోళ్ళకు ఏమన్న కట్టు ఉన్నదా? ఇన్నొద్దులు ఊరు దాటొద్దు, గిట్ల… లేదా? ఎన్నడు ఇనలేదా? మీ నాయినమ్మ గూడ చెప్పలేదా?

లేకపోతే లేకపాయె. ఇప్పుడు పుట్టింది.

— దేవుని మీద అబద్ధమని నన్ను భయపెట్టకు. గొల్ల కేతమ్మను చేస్కున్న దేవుడు, మందలోళ్ళ ఇండ్లల్ల లొల్లి ఆయనకు కొత్తనా? ఓ కొబ్బరికాయ కొట్టి చెంపలేస్కుంట… నమ్ముతదో నమ్మదో. ఆచారాలన్ని ఆమెకు నోటికే వస్తయి, నమ్మకపోవచ్చు. గని ఒక్కటి చెప్త ఇను. ముల్లె కట్టి, తమ్మునింటికి పోతనని బజారంత చెప్పినంక, ఉంటానని ఆమె నోటితోని అనలేదు. అనాలనుకున్నా నోరు రాదు. ఆమెకు సాకు కావాలె. నేను సాకు ఇస్తున్న. తీస్కుంటే తీస్కుంటది, లేకుంటే బస్సెక్కుతది.

నువ్వు మాట్లాడకు. ఉత్తగ ఊకొట్టు. తీస్తున్న…

— అవునొదినే! మంచిగ యాదిజేసినవ్! కట్టు ఉన్నది గద. కుక్కకు బండారి పెట్టినోళ్ళు, దాని మొదటి జాతర అయ్యేదాంక ఊరి పొలిమేర దాటొద్దు. అవునవును… గందుకే అత్తమ్మ పెట్టదు, ఆమె పోతుంది గద పాపం. ఇంట్ల పెద్ద లేకపోతే ఏం చేస్తం, నేనే పెడ్త… ఏ ఏలుతోనో ఏమెరుక? ఏదో ఓ ఏలు. ముందు పెట్టాల్నా, నీళ్ళు చల్లినంక పెట్టాల్నా అది గూడ తెల్వదు. దేవుడే సర్దుకుంటడు!

…

వదినే… ఇటు చూస్తలేదు, రోడ్డు దిక్కే చూస్తుంది.

… ఏం కనవడ్తలేదు మొఖంల.

బస్సు మోత… అవును, కోహెడదే. మాట్లాడకు వదినే, ఒక్క నిమిషం మాట్లాడకు… నాతోని కాదు, నేను చూడలేను. గోడ దిక్కు తిరిగిన. నజీర్ భాయ్, నువ్వు చూడు. చూసి చెప్పు… మూల మీదికి పోయిందా?… ముల్లె?… ముల్లె పట్టుకున్నదా?…

చెయ్యెత్తింది.

… చెయ్యెత్తిందట వదినే. బస్సాగింది. నాకు ఇనవడ్తనే ఉన్నది.

— ఏం పిలవాలె? పిలిస్తే నిలవడ్తదా? పొద్దుగాల కాళ్ళు పట్టుకోవాల్సింది. కుక్కలు, చుక్కలు, ఈ ఆటలన్ని మాని కాళ్ళు పట్టుకోవాల్సింది…

కదిలింది… పోయింది బస్సు.

… తెల్వదు. నేను చూస్తలేనన్న గద! నజీర్ భాయ్, ఏమైంది? చెప్పవేంది? ఎందుకట్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవ్?… ఏంది ఎనక?

…

అత్తమ్మా!

… పోలేదా నువ్వు?… మరి బస్సు ఎందుకాపినవ్?… కండక్టర్‌కు చెప్పెటందుకా? ఏమని?… రాజమల్లయ్య మామకు కబురు… "అక్క రాదు, ఇంట్ల కట్టు ఉన్నది" అని…

ఆఁ… ఆఁ, అత్తమ్మా. కట్టు ఉన్నది.

… నేను తప్పు చెప్పిన్నా? ఏం తప్పు?… మొదటి జాతర కాదా?… మూడు జాతర్లా! మూడేండ్లా!

… ఎవరు చెప్పిన్రు?… మీ అత్త చెప్పిందా… ఎప్పుడో చెప్పిందా… సరె. మీ అత్త చెప్తే నేనెట్ల కాదంట? మూడే.

— బండారి నువ్వే పెడ్తవా? మరి తోడేలన్నవ్… నీ చెయ్యి పడితే తోడేలు తోడేలే ఉంటదా… సరె అత్తమ్మా. నిక్కచెవులదే తెమ్మంట. చుక్కలది ఎవరన్న సాదుతరు, దీన్ని సాదెటందుకు మనిషి కావాలె… అవును, నాకు చేతగాదు. నేనొట్టి దద్దమ్మను. ఎవరు కాదన్నరు? అను, ఇంకా అను…

— వదినే… ఉన్నవా? ఇన్నవా?… నిక్కచెవులది. డ్రైవర్‌కు చెప్పేయ్, చుక్కలది ఆయనది. మీ తమ్మున్ని జల్ది బయలెల్లుమను. షాపు ముందట కట్టెయ్యొద్దని ఇప్పుడే చెప్పు, ఆ కుక్క ఆయనది కాదు… ఏడుస్తడా? ఏడ్వనీ, ఆడికెళ్ళి దారి పొడుగుత ఏడ్చుకుంటనే రానీ, కుక్క కాస్తది ఆయన్ను.

… లోపలికి పోయింది. బండారి ఎతుకుతుంది.

— తెల్వకేంది వదినే. మంచిగ తెలుసు. గా కట్టు నేను పుట్టిచ్చి ఇంకా పావుగంట కాలేదు. ఆమె అత్త చనిపోయి ఇరవై ఏండ్లైంది. ఆమెకెట్ల చెప్తది?

… నేను ఒక్క జాతరే అడిగిన. రెండు ఆమె కలిపింది.

— అడుగ. నా జన్మల అడుగ. నువ్వు గూడ ఎన్నడు అడుగకు, నీకు దండం పెడ్త. మూడు జాతర్లు అయినంక… అప్పటికి ఇంకో కట్టు చూస్త. ఆమెనే చూస్తదేమో.

ఆఁ… ఆఁ వదినే… లేదు, నేను గూడ లోపలికి పోయి ఎతుకుత… నజీర్ భాయ్, ఇగో ఫోను, నువ్వు చెప్పు వదినెకు… ఏదో ఒకటి చెప్పు… మంచిగున్నమని చెప్పి పెట్టేయ్.